తలుపు వేసుకునే గంట

మార్చి వచ్చిందంటే ఆదోనిలో ఎండ పొద్దున ఎనిమిదికే కళ్లలో గుచ్చుకుంటుంది. నా తలకు ఆ సంగతి ఒకరోజు ముందే తెలుస్తుంది. సాయంత్రం నుంచే ఆగకుండా ఆవులింతలు, మెడ పట్టేయడం, ఎవరేం మాట్లాడినా విసుగు. తెల్లారేసరికి ఎడమ కణత దగ్గర సన్నగా మొదలైన నొప్పి మధ్యాహ్నానికి కంటి వెనక దబ్బనంతో కుడుతున్నట్టు అవుతుంది. పోపు వాసనకు కడుపులో తిప్పుతుంది. మార్కెట్ యార్డుకు పోయే పత్తి లారీ హారన్ కొడితే నా తల లోపలే మోగినట్టుంటుంది. కిటికీకి దుప్పటి కట్టి, చీకట్లో ఒత్తిగిలి పడుకుని, ఎప్పుడు వాంతి అవుతుందా, ఎప్పుడు కాస్త తేలికపడుతుందా అని ఎదురుచూడటం నాకు పదహారో ఏట మొదలైంది. ఇప్పుడు యాభై మూడు. ఇంట్లోవాళ్లు మంచివాళ్లే. నొప్పి వచ్చిన రోజు కాళ్ల చప్పుడు కాకుండా నడుస్తారు. అలా నడుస్తూనే, "మరి కూరేం చేద్దాం?" అని తలుపు సందులోంచి గుసగుసగా అడుగుతారు.

ఐదేళ్లుగా నేను ఆన్‌లైన్‌లో యోగా చేస్తున్నాను. నా తలనొప్పి తగ్గింది. ఆ మాట సంతోషంగా నలుగురికీ చెప్పబోయిన ప్రతిసారీ ఒక ప్రశ్న గొంతుకు అడ్డం పడుతోంది. ఆ ప్రశ్నను మీ ముందు పెట్టాలనే ఈ వ్యాసం.

మన భాషలో 'తలనొప్పి' అన్న మాటకు జబ్బు అనే అర్థం కంటే చికాకు అనే అర్థమే ఎక్కువ చెలామణిలో ఉంది. పనికిరాని ఫైలు తలనొప్పి, అద్దెకున్నవాళ్లు తలనొప్పి, పెళ్లాం తలనొప్పి. పెద్దవాళ్లు పార్శ్వపు నొప్పి అన్నారు. ఆయుర్వేదం అర్ధావభేదకం అంది. మా అవ్వ ఏ పేరూ పెట్టలేదు. శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుని, పాతచీర పేలికను తలకు బిగించి కట్టుకుని జొన్నరొట్టెలు తట్టేది. ఆ పేలికే మాకు గుర్తు. అది కనిపిస్తే పిల్లలం అల్లరి తగ్గించేవాళ్లం. రొట్టెలు తినడం మాత్రం మానలేదు.

ప్రేమ గురించి చెప్పడానికి ఎన్నో మాటలున్న భాషకు తలనొప్పి దగ్గరికొచ్చేసరికి మాటలు కరువవుతాయని వర్జీనియా వూల్ఫ్ 1926లో అనారోగ్యం గురించి రాసిన వ్యాసంలో వాపోయింది. మన దగ్గర ఆ కరువుకు ఒక తమాషా తోడైంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ రాబడి అండతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి వచ్చాయి. తెలుగు సాహిత్య పత్రికారంగం ఒక రకంగా తలనొప్పి పెట్టిన తిండి తిని ఎదిగింది. ఆ సీసా లేని వంటగది మా ఊళ్లో నేను చూడలేదు. అయినా ఆ సీసా మూత తీసిన చేతుల గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ.

ఇక వైద్యం మాట. పెళ్లయితే తగ్గుతుందన్నారు. పిల్లలు పుడితే తగ్గుతుందన్నారు. ముట్లుడిగితే తగ్గుతుందన్నారు. జరగాల్సినవన్నీ జరిగాయి గానీ నొప్పి మాత్రం నన్ను విడవలేదు. ఒక డాక్టరు గారు నా స్కానింగు వెలుతురుకు ఎత్తి చూసి, "ఏమీ లేదు మేడం, మీరు ఎక్కువ ఆలోచిస్తారు, అంతే" అన్నారు. స్కానింగులో ఏమీ కనిపించకపోవడం మైగ్రేన్ లక్షణమే తప్ప, మైగ్రేన్ లేదనడానికి సాక్ష్యం కాదని నాకు తెలియడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

మైగ్రేన్ నాడీవ్యవస్థకు సంబంధించిన జబ్బు. వంశపారంపర్యం ఉంటుంది, హార్మోన్ల పాత్ర ఉంటుంది. ఒకసారి వస్తే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉండొచ్చు. రజస్వల అయ్యే వయసు దాటాక పురుషుల కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నెలలో 15 రోజులు, అంతకు మించి తలనొప్పి ఉండి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ అయితే, అది మూడు నెలలకు పైగా సాగితే, దాన్ని దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారు. ప్రపంచంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల స్త్రీలను పనీపాటా చేసుకోనివ్వకుండా చేస్తున్న జబ్బుల్లో దీనిది మొదటి వరుస. ఇంత పెద్ద జబ్బుకు ఇంత తక్కువ గౌరవం ఎందుకు దక్కిందో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త జోవన్నా కెంప్నర్ 2014లో ఒక పుస్తకమే రాశారు. ఆ పుస్తకం పేరు 'ఈ రాత్రికి వద్దు' అనే అర్థం వచ్చే మాట. తలనొప్పి అనేది ఆడది చెప్పే సాకు అనే పాత పరాచికం మీద వేసిన చురక అది. బాధపడేవాళ్లు ఎక్కువగా స్త్రీలు కావడం వల్ల జబ్బుకే స్త్రీ స్వభావం అంటగట్టారని ఆమె వాదన. అతిసున్నితం, అతి ఆలోచన, ఓర్వలేనితనం. నా స్కానింగు చూసిన ఆయన చెప్పింది కూడా అదేగా!

2020 లాక్‌డౌన్‌లో కాలేజీ పాఠాలన్నీ ఫోనులోకి వచ్చాయి. రోజంతా తెర వెలుతురు. డైరీలో నొప్పి రోజులు నెలకు పన్నెండుకు చేరాయి. నరాల డాక్టరు కోసం సుమారు వంద కిలోమీటర్లు కర్నూలుకు పోవాలి, బస్సుల్లేవు. ఆ రోజుల్లోనే ఒక స్నేహితురాలు హైదరాబాదులో ఉండే యోగా టీచరమ్మ క్లాసు లింకు పంపింది. పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా. తెర వల్ల వచ్చే నొప్పికి తెరలోంచే మందా అని నవ్వుకున్నాను. తర్వాత ఒక ఉపాయం దొరికింది. ఆసనం అర్థమయ్యేదాకా చూసి, ఫోను బోర్లా పెట్టి గొంతు మాత్రమే వింటూ చేయడం.

దీని మీద జరిగిన పరిశోధనలు వెతుక్కుని చదివాను. 2007లో జైపూర్‌లో 72 మందితో చేసిన అధ్యయనంలో మూడు నెలల యోగా తర్వాత నొప్పి తరచుదనం, తీవ్రత తగ్గాయి. 2020లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు ఇంకా పద్ధతిగా చేశారు. అందరికీ మందులిచ్చి, సగం మందికి అదనంగా యోగా నేర్పారు. మందులతో పాటు యోగా చేసినవాళ్లకు నెలకు సగటున 9.1 సార్లు వచ్చే నొప్పి మూడు నెలల్లో 4.7కు దిగింది. మందులు మాత్రమే వాడినవాళ్లకు 7.7 నుంచి 6.8కి దిగింది. తేడా చిన్నది కాదు. అదే ఏడాది అమెరికాలో ధ్యానం మీద వచ్చిన అధ్యయనంలో, తలనొప్పి గురించి మామూలు పాఠాలు విన్నవాళ్లతో పోలిస్తే ధ్యానం చేసినవాళ్లకు నొప్పి రోజులేమీ ఎక్కువగా తగ్గలేదు. కానీ నొప్పి వాళ్ల బతుకును కుంటుపరచడం తగ్గింది. ఇదీ నాకు ముఖ్యమైన కబురుగానే తోచింది.

జాగ్రత్తగా చదివితే పరిమితులూ కనిపిస్తాయి. ఢిల్లీ అధ్యయనంలోకి తీసుకున్నది నెలకు 4 నుంచి 14 సార్లు నొప్పి వచ్చేవాళ్లను. నెలలో సగం రోజులు మంచం మీదే ఉండేవాళ్లు అందులో లేరు. మొదటి నెల వారానికి మూడు రోజులు ఎదురుగా కూర్చోబెట్టి నేర్పారు. తర్వాతే ఇంటి దగ్గర చేసుకోమన్నారు. తెరలోని టీచరు నా మెడ ఎంత వంగిందో చెయ్యి పెట్టి సరిచేయలేదు. యోగా చేసేవాళ్లకు తాము చేస్తున్నామని తెలుసు, చెయ్యనివాళ్లకు చెయ్యడం లేదని తెలుసు. ఆ తెలియడం కూడా నొప్పిని కొంత మారుస్తుంది. చేర్చుకున్నది 160 మందిని, చివరిదాకా నిలిచింది 114 మంది. మిగతా నలభై ఆరుగురు ఏ వంటింటి దగ్గర, ఏ ఉద్యోగం దగ్గర ఆగిపోయారో అని ఆడదాన్ని కాబట్టి నాకు అనిపిస్తుంది.

నా డైరీలో పన్నెండు రోజులు ఏడాదిలో ఆరేడుకు దిగాయి. డాక్టరు రాసిన నివారణ మాత్ర కూడా మానలేదు కాబట్టి ఘనత అంతా ఆసనాలకే ఇవ్వను. నొప్పి మొదలయ్యాక ఏ ఆసనమూ దాన్ని ఆపలేదన్నదీ చెప్పాలి. ఆ రోజుకు చీకటిగదే గతి.

మా క్లాసులో ఇరవై మందిమి. అందరం ఆడవాళ్లమే. దాదాపు అందరం కెమెరా ఆపేసి, మ్యూట్‌లో ఉంటాం. అప్పుడప్పుడు ఎవరో మ్యూట్ మరిచిపోతారు. శవాసనంలో, "అరికాళ్లను వదిలేయండి... మోకాళ్లను వదిలేయండి..." అని టీచరమ్మ చెబుతుంటే ఎవరింట్లోనో కుక్కరు కూత వేస్తుంది. నేనూ లెక్కపెడతాను. ఒకటి, రెండు. మూడో కూతకు లేచి స్టవ్ ఆర్పాలి కదా, పాపం. మాలో ఒక ఉర్దూ లెక్చరరు ఉంది. మొదట్లో వచ్చే ప్రార్థనా శ్లోకం అయ్యేదాకా శబ్దం తగ్గించుకుని, అయ్యాక పెంచుకుంటానని ఒకసారి నాతో చెప్పింది. 2025 జూన్ 21న విశాఖ సముద్రతీరంలో మూడు లక్షల మందికి పైగా కూర్చోబెట్టి యోగాంధ్ర జరిపారు. అలాంటి గుంపులో ఆమెకు ఆ వీలు ఉండేది కాదు. తెర ఇచ్చిన చిన్న స్వేచ్ఛ అది. నేను దాన్ని తక్కువ చేయను.

ఇప్పుడు నా ప్రశ్న దగ్గరికి వస్తాను.

ఐదున్నరకు నేను తలుపు వేసుకోవాలంటే, ఏడింటికి వచ్చే పనిమనిషి ఐదింటికే రావాల్సి వచ్చింది. అడిగాను, ఒప్పుకుంది. జీతం కొంత పెంచాను. ఆమె మొదట ఒక జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పని చేసేది. దూది ధూళికి దగ్గు పట్టుకుంటే మానేసింది. ఊరు కోసిగి వైపు. ఏటా మిరపకాయలు కోయడానికి పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు వైపు సుగ్గికి పోయే కుటుంబం. ఒకరోజు క్లాసు ముగించుకుని, ఒళ్లంతా తేలికపడి, తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ఆమె గిన్నెల ముందు కూర్చుని ఉంది. తలకు పేలిక బిగించి కట్టి ఉంది. మా అవ్వ కట్టుకున్నట్టే.

"తల పగిలిపోతా ఉండాది. మాత్రుంటే ఒకటియ్యక్కా" అంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"యాడ గుర్తుంది! సుగ్గికి పొయినప్పటి నుంచీ ఉండాది. ఎండలో కాయ కోసేటప్పుడు ఒగ కన్ను మూసుకొని కోస్తాంటి."

రెండేళ్లుగా నా ఇంట్లో ఉన్న మనిషి. నా నొప్పి రోజుల్ని ఎర్రసిరాతో రాసిపెట్టుకునే నేను ఆమె పేలికను చూడలేదు. నా నిద్రలేమిని తగ్గించుకోవడానికి ఆమె నిద్రలో రెండు గంటలు తీసుకున్నాను. నిద్ర తగ్గితే మైగ్రేన్ వస్తుందని మూడు భాషల్లో చదివినదాన్ని.

మైగ్రేన్‌ను రేపే కారణాల జాబితా ఏ డాక్టరు గదిలోనైనా గోడ మీద ఉంటుంది. వేళకు తినకపోవడం, నిద్ర చాలకపోవడం, ఎండ, ఘాటు వాసనలు, పెద్ద చప్పుళ్లు, ముట్టు రోజులు, మానసిక ఒత్తిడి. వీటికి దూరంగా ఉండమని సలహా. అందరూ తిన్నాక తినేది, అందరికంటే ముందు లేచేది, పొయ్యి ముందు నిలబడేది, పొలంలో వంగేది ఎవరు? జాతీయ గణాంకాల వాళ్ల 2024 సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు. వైద్యులు ఏ జాబితాకు దూరంగా ఉండమంటున్నారో ఆ జాబితాయే మా దినచర్య. అలాగని మైగ్రేన్‌ను పితృస్వామ్యమే పుట్టించిందని నేననను. వంటమనుషులున్న ఇళ్లలోనూ వస్తుంది, మగవాళ్లకూ వస్తుంది. జబ్బు నాడులది. అది ఎన్నిసార్లు రేగాలన్నది మాత్రం చాలావరకు ఇంటి లెక్క.

ఎమ్మిగనూరులో మా చిన్నమ్మ కూతురుంది. 1938లో మాచాని సోమప్ప చొరవతో చేనేత సహకార సంఘం మొదలై, దేశమంతా పేరు తెచ్చుకున్న ఊరు అది. ఇప్పుడు మగ్గాలు పలచబడ్డా, వాళ్లింట్లో గుంతమగ్గం ఇంకా ఆడుతోంది. మరిది నేస్తాడు, ఆమె కండెలు చుడుతుంది. ఆమెకూ ఇదే నొప్పి. నాకు తగ్గిందన్న ఉత్సాహంతో పోయి, లింకు ఇచ్చి, "ఇంక నీ చేతుల్లోనే ఉంది" అని చెప్పి వచ్చాను. నెల తర్వాత అడిగితే నవ్వింది.

"ఫోను పిల్లోనిది. వాడు లేసేసరికి ఎనిమిది. చాప పరిస్తే మగ్గం కాడికి దావ ఉండదు. నువ్వేమో తలుపేసుకో అంటివి. తలుపు యాడుందక్కా మా ఇంట్లో?"

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు మన రాష్ట్రంలో నూటికి 21 మంది. పురుషులు 49 మంది దాకా ఉన్నారు. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, అది ఐదున్నరకు ఆమె చేతిలో ఉండటం వేరు. 'ఇంటి దగ్గరే, ఖర్చు లేకుండా' అని ఆన్‌లైన్ వైద్యాల గురించి గొప్పగా చెబుతారు. ఆడదానికి ఇల్లు పని జరిగే చోటు అన్న సంగతి ఆ మాటలో ఎక్కడా లేదు.

"నీ చేతుల్లోనే ఉంది" అన్న మాట చాలా రోజులు నన్ను నిలదీసింది. ఆ మాట మొదట మనదే. 1990ల మొదట్లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'సవాలక్ష సందేహాలు' వేసినప్పుడు, మన దేహాల గురించిన జ్ఞానం మన చేతుల్లోకి రావాలని ఎంత ఆశపడ్డాం! దేహాన్ని డాక్టర్ల నుంచి, భర్తల నుంచి మనం తిరిగి తీసుకోవాలనుకున్నాం. ఇప్పుడు అదే మాటను ప్రభుత్వాలూ, యాప్‌లూ, వెల్‌నెస్ వ్యాపారాలూ మనకు తిరిగి చెబుతున్నాయి. మాట ఒకటే అయినా అర్థం తలకిందులైంది. అప్పుడు అధికారం మన చేతుల్లోకి రావాలన్నాం. ఇప్పుడు మన చేతుల్లో పెడుతున్నది బాధ్యత ఒక్కటే. తగ్గితే యోగా గొప్పది. తగ్గకపోతే నువ్వు సరిగ్గా చేయలేదు, రోజూ చేయలేదు, మనసు పెట్టి చేయలేదు. "ఎక్కువ ఆలోచిస్తారు" అన్న డాక్టరు మాటా ఇదీ ఒక తానులో ముక్కలే. నొప్పి ఉన్న మనిషికి, దాన్ని పోగొట్టుకోలేకపోయిన నేరం కూడా అంటగట్టడం న్యాయమా?

అయితే, ఇదంతా మోసమని యోగాను పక్కన పడేయడం కూడా నాకు న్యాయంగా తోచదు. నెలకు ఐదు రోజులు నాకు తిరిగి వచ్చాయి. అరవై రోజులు ఏడాదికి. శ్రమ విభజన మారేదాకా నొప్పి భరించమని ఏ స్త్రీకీ చెప్పే హక్కు నాకు లేదు. తేలిక చేసేది ఏదైనా సరే, ఉంటే అందరికీ అందాలి. కాబట్టి ప్రశ్న యోగా మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఒక స్త్రీకి "యోగా చెయ్యి" అని చెప్పినవాళ్లు ఆమెకు ఒక గంట బాకీ పడతారా, పడరా? పడతారనే నా సమాధానం. చీటీ రాసిన డాక్టరు, ప్రచారం చేసిన ప్రభుత్వం, వింటున్న భర్త, లింకు పంపిన అక్క, అందరూ. ఆ గంట ఇవ్వకుండా ఇచ్చిన సలహా, మందు ఇవ్వకుండా చేతిలో పెట్టిన చీటీ లాంటిది.

నా బాకీ నేను ఎంత తీర్చానో కూడా చెప్పాలి. ఆమెను డాక్టరుకు చూపించాను. ఏళ్లుగా దాదాపు రోజూ అంగట్లో దొరికే నొప్పి మాత్రలు మింగుతోందని అక్కడ తెలిసింది. నెలలో 15 రోజులు, కొన్ని రకాలైతే 10 రోజులు, దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. వాటిని తగ్గించి, నివారణకు వేరే మందు రాశారు. నా క్లాసును సాయంత్రానికి మార్చుకున్నాను. ఆమె మళ్లీ ఏడింటికే వస్తోంది. పనిగంటల్లోనే ఒక గంట, జీతం తగ్గించకుండా, ముందు గదిలో చాప వేసి తలుపు వేసుకోమన్నాను. ఆసనాలు నేర్పుతానన్నాను కూడా.

ఆ గంటలో ఆమె ఆసనాలు వేయలేదు. నిద్రపోయింది. మొదటి రోజు నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. నేనిచ్చిన గంటను నేననుకున్నట్టు వాడలేదని! ఆ చిన్నతనాన్ని గుర్తుపట్టడమే నాకు ఈ ఐదేళ్లలో కష్టమైన ఆసనం. ఇచ్చిన గంట మీద కూడా పెత్తనం చేస్తే అది బాకీ తీర్చడం ఎలా అవుతుంది?

ఆమె నొప్పి తగ్గింది. మందు వల్లో, మాత్రలు మానినందుకో, నిద్ర వల్లో నేను చెప్పలేను. సుగ్గి వచ్చింది, కుటుంబంతో పోయింది. అక్కడి ఎండలో ఏ గంటా ఉండదు. నా ఇంట్లోని ఏర్పాటు ఒక ఇంటి ఏర్పాటే. ఎమ్మిగనూరులో మగ్గం పక్కన చాప పట్టే జాగా ఇంకా దొరకలేదు.

పోయేముందు ఒకరోజు ఆమె అడిగింది: "అక్కా, ఆకర్న కండ్లు మూసుకొని కదలకుండా పండుకుంటావే, దాన్నేమంటారు?"

"శవాసనం."

"పండుకునేదానికి గుడకా క్లాసు గావాల్నా?"

ఇద్దరం చాలాసేపు నవ్వాం. తర్వాత ఆలోచిస్తే నిజంగానే కావాలనిపించింది. నలభై ఏళ్లుగా నేను పట్టపగలు పడుకున్నది రెండు సందర్భాల్లోనే. ఒకటి జబ్బు పేరుతో, రెండోది వైద్యం పేరుతో. ఏ పేరూ లేకుండా, ఊరికే, అలిసిపోయానని ఒక ఆడమనిషి తలుపు వేసుకుని పడుకుంటే, ఆ తలుపు సందులోంచి ఏ గుసగుసా రాని ఇల్లు మనలో ఎందరికి ఉంది?